జీపు తోలింది ఎవరు

డెన్మార్కు దేశం నుంచి వచ్చిన ఆ నర్సు అసలు పేరు హెల్గా. ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆ పేరుకు ఎవరి నోరూ తిరగలేదు. మొదట్లో ఎల్గమ్మ అన్నారు. కొంతకాలానికి అది దానంతట అదే హులిగమ్మ అయి కూర్చుంది. ఆ ప్రాంతంలో హులిగమ్మ అమ్మవారి పేరు, వీధికొక ఆడపిల్లకు పెట్టుకునే పేరు. పిలిచేవాళ్లకు ఇబ్బంది లేకపోయింది, పలికే ఆమెకూ లేకపోయింది. ఆదోని రోడ్డు పక్కన పెంకుల కొట్టంలో దవాఖానా పెట్టి పదేళ్లు దాటింది. ఈ పదేళ్లలో ఆమె జొన్నరొట్టె తినడం నేర్చింది, నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చోవడం నేర్చింది, ఇక్కడి మాట ఇక్కడి యాసతోనే మాట్లాడడం నేర్చింది. కళ్లు మూసుకొని వింటే ఆలూరు మనిషో హొళగుంద మనిషో అనుకోవాలి.

గోవిందు ఆమె జీపు డ్రైవరు. దవాఖానా తెరిచిన నాటి నుంచి ఆ స్టీరింగు అతనిదే. సరిహద్దు వైపు కన్నడం మాట్లాడే ఊళ్లకు పోయినప్పుడు ఆమె మాటను కన్నడంలోకి మార్చి చెప్పేదీ అతనే. అతని భార్య ఉరుకుందమ్మకు కాన్పు అడ్డం తిరిగి, మంత్రసాని ఇక నావల్ల కాదని లేచిపోయినప్పుడు, తల్లినీ బిడ్డనూ దక్కించింది హులిగమ్మే. ఆ సంగతి గోవిందు ఎవరితోనూ చెప్పుకునేవాడు కాదు. నోటితో చెప్పి తేల్చేసుకునే రుణం కాదది అనుకునేవాడు.

డెబ్బై ఎనిమిదో సంవత్సరం, పత్తి అమ్మకాలు జోరుగా సాగుతున్న రోజులు. ఆదోని రైల్వే స్టేషన్లో మందుల పార్సిలు దిగిందని కబురొచ్చింది. గోవిందు ఎడమచేతి బొటనవేలికి గోరుచుట్టు లేచి, వేలు వంకాయలా వాచి ఉంది. హులిగమ్మే చీము తీసి కట్టు కట్టింది. ఆ చేత్తో గేరు మార్చలేవు, ఇయ్యాల నేను తోల్తాను, నువ్వు పక్కన కూర్చో అంది. ఆమెకు తోలడం వచ్చు, లైసెన్సూ ఉంది. అయినా ఆ దారిలో ఆమె తోలగా చూసినవాళ్లు లేరు. పక్క సీట్లో ఒళ్లో చేతులు పెట్టుకొని కూర్చోవడం గోవిందుకు సిగ్గుగా అనిపించింది. ఆదోనిలో తెలిసినవాళ్లు కనిపిస్తే తల కిందికి వంచుకున్నాడు.

పార్సిలు ఎక్కించుకొని తిరిగి వస్తుంటే ఎండ చురుక్కుమంటోంది. రోడ్డు పొడవునా పత్తి బండ్లు ఎదురొస్తున్నాయి. ఒక్కొక్కటీ ఇంటి ఎత్తున నింపుకొని, గుట్ట కదిలినట్టు కదులుతోంది. అలాంటి ఒక బండి వెనక నడుస్తున్న మనిషి తలగుడ్డ గాలికి ఎగిరి రోడ్డు అవతల పడింది. దాన్ని అందుకుందామని అతను బండి చాటునుంచి ఒక్క ఉదుటున రోడ్డు మీదికొచ్చాడు. సరిగ్గా అప్పుడే హులిగమ్మ తల తిప్పి గోవిందు వేలి వంక చూస్తూ, సలుపు తగ్గిందా అని అడుగుతోంది. జవాబు చెప్పబోయిన గోవిందు నోటి వెంట అమ్మా అన్న మాట ఒక్కటే వచ్చింది.

చప్పుడు పెద్దదేం కాదు. గోనెసంచి కిందపడినట్టు వినిపించింది, అంతే.

ఆమె బ్రేకు వేసి దూకింది. రోడ్డు మీద మోకాళ్లూని ఆ మనిషి ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి ఒత్తుతోంది, నోట్లో ఊపిరి ఊదుతోంది. తెల్లటి చీర ముందంతా నెత్తురయింది. గోవిందు జీపు దిగి నిలబడ్డాడు. పక్క చేలల్లో పత్తి తీస్తున్నవాళ్లు, బండ్లవాళ్లు పరిగెత్తుకొచ్చారు. పడిపోయినవాడు దగ్గరి పల్లె కూలిమనిషి ఉచ్చీరప్ప అని ఎవరో గుర్తుపట్టారు. అతని భార్య మారెమ్మ అదే చేలో ఉంది. ఆమె పరిగెత్తుకొచ్చేసరికి అయిపోయింది.

జీపు ఎవరు తోలినారు అని ఒక గొంతు లేచింది. ఆ గొంతులో ఏముందో గోవిందుకు తెలుసు. ఆ దారిలో గుద్దిన లారీల అద్దాలు ఏమయ్యాయో, డ్రైవర్లు ఏమయ్యారో అతను చూసినవాడే. జనం చేతుల్లోకి రాళ్లు వచ్చేశాయి. ఆ రాళ్లలో ఒకటి రోడ్డు మీద వంగి ఉన్న ఆ తెల్ల జుట్టు మీద పడడం అతనికి కళ్లకు కట్టింది.

"నేనే అన్నా," అన్నాడు.

ఆలోచించి అన్న మాట కాదది. ఎవరు తోలినారు అని అడిగితే పదేళ్లుగా అతను చెబుతూ వచ్చిన జవాబే మళ్లీ వచ్చింది. ఆ తర్వాత దెబ్బలు ఎక్కడెక్కడ పడ్డాయో అతనికి సరిగ్గా తెలియదు. మారెమ్మ జనాన్ని తోసుకొని వచ్చి అతని ముఖం మీద ఉమ్మింది మాత్రం గుర్తుంది. హులిగమ్మ తలెత్తి చూసి, లేచి వచ్చి, వాళ్ల మధ్య చేతులు అడ్డం పెట్టింది. తోలింది నేను, నన్ను కొట్టండి అని అరిచింది. జనం ఆగిపోయారు. ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. డ్రైవరును కాపాడుకోవడానికి ఆయమ్మ తన మీద వేసుకుంటోందని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. ఇలాంటి దొడ్డ మనసు మనలో ఎవరికుందని అన్నారు. ఆమె మళ్లీ అరిచింది. ఎంత అరిస్తే అంతగా ఆమె మంచితనం పెరిగింది.

పోలీసు స్టేషన్లోనూ అదే జరిగింది. ఎస్సై ఆమెకు కుర్చీ వేయించి టీ తెప్పించాడు. ఆమె చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు, ఒక్క అక్షరం రాసుకోలేదు. తర్వాత గోవిందును పక్క గదిలోకి పిలిచి, కట్టు కట్టిన వేలి వంక కాసేపు చూశాడు. ఆ వేలితో గేరెట్ల మార్చినావురా అన్నాడు. గోవిందు ఆ చేయి వెనక్కి దాచుకున్నాడు. ఎస్సై నిట్టూర్చి, నువ్వే తోలినావు గదా అని మళ్లీ అడిగి, అవునన్నాక రాసుకొని, జామీను మీద ఇంటికి పంపాడు.

మర్నాడు భీమరావుగారు గోవిందు ఇంటికే వచ్చారు. ఆయన హైస్కూలు హెడ్మాస్టరుగా పనిచేసి దిగిపోయినవారు, దవాఖానా కమిటీకి పెద్ద. గోవిందు గడప తొక్కడం ఆయనకు అదే మొదటిసారి. ఆమెకు ఈ దేశంలో ఉండడానికి అనుమతి ఏడాదికి ఏడాది తెచ్చుకోవాలని, మనిషి చచ్చిన కేసు ఆమె మీద పడితే ఆ కాగితం మళ్లీ రాదని, ఆమె పోయిన మర్నాడు దవాఖానాకు తాళం పడుతుందని వివరంగా చెప్పారు. గోవిందుకైతే మహా అయితే కొన్ని నెలలు. లోపలున్నన్నాళ్లూ ఇంటి బాధ్యత కమిటీది, బయటికొచ్చాక ఉద్యోగం ఎక్కడికీ పోదు. చెబుతూ చెబుతూ ఆయన ముందుకు వంగారు.

"ఇది ఆమె కోసమని అనుకోవద్దు గోవిందూ. ఈ తాలూకాలో పురిటి మంచం మీదుండే ఆడవాళ్ల కోసం. న్యాయమంటే ఎవరి నష్టం తక్కువో చూసుకోవడం. ఇంతకంటే న్యాయం నాకు తెలీదప్పా."

గోవిందుకు అందులో తప్పేమీ కనిపించలేదు. నిజానికి ఆయన రాకముందే అతను ఒప్పుకొని కూర్చున్నాడు. వేలు బాగుంటే స్టీరింగు ముందు తనే ఉండేవాడు, బండి చాటునుంచి ఉచ్చీరప్ప అప్పుడూ వచ్చేవాడు. తనకు రావలసింది ఆమెకు పోయింది, దాన్ని తను వెనక్కి తీసుకుంటున్నాడు. ఉరుకుందమ్మ ఏడ్చింది గానీ వద్దనలేదు. చంటిపిల్లను ఒళ్లో పెట్టుకొని, పో, ఆ తల్లి కోసం పో అంది.

వద్దన్నది హులిగమ్మ ఒక్కతే. రెండు రోజులకు గోవిందు దవాఖానాకు పోతే ఆమె పలకరించలేదు. ఆమె మొహం చూసి అతనికి భయం వేసింది. రెండు మూడు రోజుల్లోనే దవడలు లోపలికి పోయి, కళ్లు పెద్దవై, ముసలిదైపోయింది. ఆ సాయంత్రం తనే నడిచి వాళ్లింటికొచ్చింది. గడప రాయి మీద కూర్చుంది. ఉరుకుందమ్మ నీళ్లిస్తే చెంబు పట్టుకుంది గానీ తాగలేదు.

"నా తప్పు నువ్వేంటికి మోస్తాండావు గోవిందూ?" అంది.

"నువ్వు మా మనిషివమ్మా. మా మనిషికి కష్టమొస్తే మేము మోయమా?"

"నీ తమ్ముడు తోలింటే? వానికి బదులు నువ్వు పోతావా?"

తమ్ముడైతే, తోలినవాడు వాడే కాబట్టి వాడే పోతాడు. ఆ మాటే చెప్పాడు గోవిందు.

"సూడు మల్ల. నీ తమ్ముడు నీ మనిషే, వాడు పోవల్ల. నేను మటుకు పోగూడదు. ఏంటికంటే నేను తెల్లదాన్ని, దొరసానిని. పదేండ్ల నుంచి మీరందరూ మా మనిషి, మా మనిషి అంటాంటే నిజమేననుకున్న్యా. పైకి హులిగమ్మ, లోపల దొరసాని. అంతే గదా మీ లెక్క?"

గోవిందుకు ఒక్కసారిగా చెంప మీద కొట్టినట్టయింది. రోడ్డు మీద తిన్న దెబ్బలేవీ ఇంతగా తగల్లేదు. అట్ల కాదమ్మా అన్నాడు. ఆమె చెంబు కింద పెట్టి లేచి, చీకటి పడకముందే వెళ్లిపోయింది.

ఆమె అన్నది అతనికి గుచ్చుకుంది, కానీ మనసు మారలేదు. ఆమె బాధ ఆమెది, అది కొన్నాళ్లకు తగ్గుతుంది, దవాఖానా నిలుస్తుంది అనుకున్నాడు. భీమరావుగారు పట్టణంలో మంచి వకీలును చూసిపెట్టారు. తప్పు ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందని వకీలు చెప్పాడు. వాయిదా తేదీ పడింది. ఊళ్లో అందరికీ అసలు సంగతి ఒకరి నుంచి ఒకరికి తెలిసిపోయింది. టీ అంగడి దగ్గర గోవిందు వస్తే లేచి చోటిస్తున్నారు. గోవిందంటే మనిషిరా అంటున్నారు. అతనికి లోలోపల కొంచెం గర్వంగానే ఉండేది.

అందరికీ తెలిసినా తెలియనిది ఒక్క మారెమ్మకే.

హులిగమ్మ రోజూ మారెమ్మ గుడిసెకు పోయి ముందర కూర్చుంటోందని గోవిందు విన్నాడు. మాట్లాడదట. పిల్లలకు ఒంట్లో బాగుందా లేదా చూసి, కాసేపు కూర్చొని వచ్చేస్తుందట. తన డ్రైవరు చేసినదానికి ఇంత బాధపడే తల్లి ఎక్కడైనా ఉంటుందా అని మారెమ్మ ఇరుగుపొరుగుతో అనేదట, ఆమె కూర్చోవడానికి గోనెపట్టా పరిచేదట. ఒక రోజు ఆ గోనెపట్టా మీద కూర్చొనే, నీ మొగున్ని గుద్దింది నా చేతులే అని హులిగమ్మ చెప్పేసింది.

ఆ మర్నాడు ఎండ నడినెత్తికొచ్చిన వేళ మారెమ్మ గోవిందు ఇంటి ముందు నిలబడింది. వెంట ఆమె అన్న లక్ష్మప్ప ఉన్నాడు. గోవిందు రొట్టె తింటున్నవాడు ఎంగిలి చేత్తోనే లేచాడు. ఆమె అరుస్తుందనుకున్నాడు. ఆమె అరవలేదు. చాలాసేపు అతని ముఖం వంక చూసింది.

"ఆ దినము ఈ ముఖమ్మీదనే గదప్పా నేను ఉమిసింది."

గోవిందు తల దించుకున్నాడు.

"నువ్వు తుడుసుకుంటివి. నేను కాదని ఒక్క మాట అనకపోతివి. పొద్దున లేసి నీ పేరు సెప్పి మన్ను పోసినాను, నీ బిడ్డలు కూడ నా బిడ్డల మాదిరి కావల్లని మొక్కినాను. ఏ తప్పూ సేయని మనిషిని తిట్టినాను గదప్పా ఇన్నాళ్లు. అదెవురి మీద పడల్ల ఇప్పుడు?"

ఉరుకుందమ్మ లోపల్నుంచి బిడ్డను గట్టిగా పట్టుకుంది.

"ఆయమ్మ కోసరమన్నావు, దవాఖానా కోసరమన్నావు. అందురు కూకొని మాట్లాడుకుంటిరంట. సచ్చింది నా మొగుడు. నన్నొక మాట అడిగితిరా? ఎవురిని తిట్టల్నో అది గూడ నాకు ల్యాకుండ సేస్తిరి."

అంతే అంది. లక్ష్మప్ప ఏదో అనబోతే చేయి పట్టుకొని లాక్కొనిపోయింది. గోవిందు నిలబడినచోటే నిలబడిపోయాడు. చేతికంటిన రొట్టె ఎండిపోయింది. భీమరావుగారి మాటలు, వకీలు మాటలు, టీ అంగడి మాటలు అన్నీ తలలో తిరిగాయి. వాటిలో మారెమ్మ పేరు ఎక్కడైనా ఉందా అని వెతుక్కున్నాడు. లేదు. ఎవరి నష్టం తక్కువో చూసుకున్నామన్న పెద్దమనుషులు గానీ, మొత్తం తన భుజాన వేసుకున్నానని మురిసిన తను గానీ, ఒక్కసారి కూడా ఆమెను మనిషి లెక్కలో వేయలేదు. గోడ పట్టుకొని కూర్చున్నాడు.

వాయిదా రోజున ఆదోని కోర్టులో మేజిస్ట్రేటు నేరం చదివించి, ఒప్పుకుంటావా అని అడిగారు. వకీలు ముందే చెప్పిన ఒక్క మాట అనాలి. గోవిందు వెనక్కి తిరిగి చూశాడు. బెంచీ మీద భీమరావుగారు ధైర్యంగా ఉండమన్నట్టు తలూపారు. తలుపు దగ్గర, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మారెమ్మ నిలబడి ఉంది.

"నేను తోలలేదు సామీ," అన్నాడు.

భీమరావుగారు సగం లేచి మళ్లీ కూర్చున్నారు. వకీలు కాగితాల్లో నుంచి తలెత్తి, ఈ మనిషెవరు అన్నట్టు చూశాడు. అప్పుడు వెనక బెంచీలో హులిగమ్మ లేచి నిలబడింది. ఆమె ఏమీ అనకముందే మేజిస్ట్రేటు కూర్చోమని చేయి చూపి, ఎస్సై వైపు తిరిగారు. మళ్లీ విచారణ చేసి రమ్మన్నారు.

ఆ తర్వాతి నెలల్లో గోవిందు పడ్డ మాటలు ఇన్ని అన్ని కావు. స్టేషన్లో ఎస్సై మధ్యాహ్నం దాకా నిలబెట్టి తిట్టాడు. టీ అంగడి దగ్గర చోటివ్వడం మానేశారు. ఆ తల్లి చేతి మీదుగా భార్యాబిడ్డలను దక్కించుకొని, ఆఖరికి ఆమెనే కోర్టుకు అప్పజెప్పాడని ముఖం మీదే అన్నారు. భీమరావుగారు కనిపిస్తే దారి మార్చుకునేవారు. ఉరుకుందమ్మ కొన్నాళ్లు మాట్లాడలేదు. ఒక్క హులిగమ్మ ముఖంలో మాత్రం మళ్లీ కళ కనిపించింది. అన్నం తినడం మొదలుపెట్టింది. జైలుకు పోయేటప్పుడు ఏమేం తీసుకుపోనిస్తారో గోవిందునే అడిగి తెలుసుకుంది. రెండు చీరలు, ఒక దుప్పటి వేరే సంచిలో సర్దిపెట్టుకుంది. పక్క ఊరి నర్సును పిలిపించి మందుల అలమరా అప్పగించింది.

వానలు వెనకబట్టాక ఆమె కేసు పిలిచారు. ఆ పొద్దున ఆమె కంటే ముందు ఇంకొక డ్రైవరును పిలిచారు. బసవన్న అని లారీ డ్రైవరు, సైకిలు మీద పోతున్నవాణ్ని గుద్ది చంపినవాడు. అతనూ ఒప్పుకున్నాడు. పిల్లలున్నారు సామీ అన్నాడు. ఆరు నెలలు వేశారు. కానిస్టేబులు అతని మోచెయ్యి పట్టుకొని తలుపు పక్కన నిలబెట్టాడు.

తర్వాత హులిగమ్మ బోనెక్కింది. తల తిప్పి పక్కకు చూశానని, చూడకపోయి ఉంటే ఆ మనిషి బతికేవాడని స్పష్టంగా తెలుగులోనే చెప్పింది. మేజిస్ట్రేటు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తనంతట తాను వచ్చి ఒప్పుకున్నదనీ, ఎక్కడో పుట్టి ఇక్కడి పేదలకు సేవ చేస్తున్నదనీ, ఇలాంటి మనిషిని జైలుకు పంపడం న్యాయానికి శోభ కాదనీ అన్నారు. కొంత జరిమానా, కోర్టు లేచేదాకా ఖైదు అని తీర్పు చెప్పారు.

కోర్టు లేచేదాకా ఖైదంటే ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. సాయంత్రం దాకా ఇక్కడే కూర్చోవడమమ్మా, అంతే అని బంట్రోతు నవ్వుతూ చెప్పి, ఫ్యాను కింద కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు. తలుపు పక్కన ఉన్న బసవన్న వంక చూస్తోంది. అతనూ ఆమె వంక చూస్తున్నాడు. అతని చూపులో కోపం లేదు, వింతగా చూస్తున్నాడంతే. ఆమె పెదవులు కదిలాయి. గోవిందు దగ్గరికి పోతే, ఇద్దురమూ ఒకటే గదా సేసింది, ఇద్దురమూ ఒకటే గదా అని మళ్లీ మళ్లీ అంటోంది. అతను ఆమెను పట్టుకొని కుర్చీలో కూర్చోబెట్టాల్సి వచ్చింది. బసవన్నను తీసుకుపోయారు.

సాయంత్రం కోర్టు లేచింది. బయట గేటు దగ్గర జనం నిండిపోయి ఉన్నారు. ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధుల నుంచి, పల్లెల నుంచి బండ్లు కట్టుకొని వచ్చారు. భీమరావుగారు చిన్నపిల్లాడిలా కళ్లనీళ్లు పెట్టుకొని, గోవిందు భుజం తట్టి, అంతా మన మంచికే అయింది చూడు అన్నారు. ఎవరో బంతిపూల మాల తెచ్చారు. ఆమె వద్దని చేయి ఎత్తేలోగానే మెడలో పడిపోయింది. జనం చప్పట్లు కొట్టారు.

జనాన్ని చీల్చుకుంటూ మారెమ్మ వచ్చింది. పొద్దుటి నుంచి ఆమె ఎక్కడ నిలబడిందో, ఏం తిన్నదో ఎవరికీ తెలియదు. నేరుగా వచ్చి హులిగమ్మ ఎదురుగా నిలబడింది.

"ఏమే, నా మొగున్ని సంపి పూలమాల ఏయించుకుంటివా? సిగ్గుల్యాదే నీకు?"

చప్పట్లు ఆగిపోయాయి. ఆ ప్రాంతంలో ఆమెను ఏమే అన్న మనిషి అంతవరకు పుట్టలేదు. ముసలివాళ్లు సైతం తల్లీ అనేవాళ్లే. ఒకడు మారెమ్మ జబ్బ పట్టుకున్నాడు, ఒకామె నోరు మూయమని చేయెత్తింది.

"ఎవురూ ముట్టొద్దండి," అంది హులిగమ్మ. "తిట్టనీండి."

మారెమ్మ తిట్టింది. చేలల్లో ఆడవాళ్లు గట్ల తగాదాల్లో తిట్టుకునే తిట్లు, వీధి కుళాయి దగ్గర తిట్టుకునే తిట్లు, అమ్మనూ అబ్బనూ కలిపి తిట్టే తిట్లు, అన్నీ తిట్టింది. నా గుడిసె ముందర దినామూ కూకుంటివి గదే, నా పట్టా మీదనే కూకుంటివి గదే అని రొమ్ము బాదుకుంది. భీమరావుగారు చెవులు మూసుకున్నారు. హులిగమ్మ తల వంచుకొని నిలబడింది. మాల తీసి చేత్తో పట్టుకుంది, ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుంది. కళ్లలో నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"అవును మారెమ్మా. నేనే," అంది.

మారెమ్మ గొంతు బొంగురుపోయి ఆగింది. ఇంకేదో అనాలని చూసి, ఊపిరి చాలక, వెనక్కి తిరిగి బస్సు స్టాండు వైపు నడిచింది. లక్ష్మప్ప చెల్లెలి వెనక పోయాడు. జనం రెండుగా చీలి దారిచ్చారు.

తిరిగి వచ్చేటప్పుడు గోవిందే జీపు తోలాడు. ఈ దెబ్బతో ఆమె పెట్టె సర్దుకొని వాళ్ల దేశం పోతుందని అతను తీర్మానించుకున్నాడు. పొమ్మనడానికి ఎవరూ అక్కర్లేదు, ఈ సాయంత్రం చాలు అనుకున్నాడు. ఎమ్మిగనూరు దగ్గర పడుతుంటే ఆమె ఉన్నట్టుండి, మారెమ్మ చివర్లో ఒక మాటంది, దానికి అర్థమేమి అని అడిగింది. గోవిందు వినలేదన్నాడు. విన్నావు, చెప్పు అంది. అతను చెవులు ఎర్రబడి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, తన తల్లి వయసున్న ఆ మనిషికి ఆ బూతుమాట అర్థం చెప్పాడు.

ఆమె దాన్ని నోట్లోనే ఒకసారి అనుకుంది.

"ఇన్నేండ్లాయ, ఈ మాట నాకు ఎవురూ నేర్పలేదు సూడు," అంది.

ఆమె వెళ్లలేదు. మరుసటి ఏడు అనుమతి కాగితం కోసం కర్నూలు పోతే, ఆఫీసులో ఎవరూ కేసు మాట ఎత్తలేదు, కాఫీ ఇచ్చి పంపారు. బసవన్నకు పైకోర్టులో అప్పీలు వేయించమని భీమరావుగారి చుట్టూ తిరిగింది. ఆయన ఆ కేసు వేరమ్మా అన్నారు. తనే వకీలును పట్టుకొని వేయించింది. అది విచారణకు రాకముందే బసవన్న ఆరు నెలలూ పూర్తిచేసి బయటికొచ్చాడు.

మారెమ్మ గుడిసెకు ఆమె మళ్లీ పోలేదు. రావద్దని మారెమ్మ కబురు పంపింది. ఎనభయ్యో సంవత్సరం ఎండాకాలంలో మారెమ్మ చిన్నకూతురికి తేలు కుట్టింది. బిడ్డను ఎత్తుకొని ఆదోని బస్సెక్కింది. బస్సు దవాఖానా ముందే ఆగి, ఇద్దరిని దింపి కదిలింది. కిటికీ పక్కన బిడ్డను ఒళ్లో వేసుకొని కూర్చున్న మారెమ్మను జీపు తుడుస్తున్న గోవిందు చూశాడు. బిడ్డకు తేలు కుట్టిందని దిగినవాళ్లు చెప్పగానే బస్సును ఆపుదామని రెండడుగులు పరిగెత్తాడు కూడా. ఆమె అతన్ని చూసి ముఖం తిప్పుకుంది. అంత దూరం తేలు విషంతో బిడ్డను తీసుకుపోతోందే అనుకున్నాడు. లోపలికి పోయి హులిగమ్మతో చెప్పాడు. ఆమె చేతిలో సిరంజి ఉంది. కిటికీలో నుంచి రోడ్డు వైపు చూసి, ఆదోనిలో డాక్టరు ఉంటాడా ఈ పొద్దు అని ఒక్కటే అడిగింది. ఉంటాడన్నాడు గోవిందు. ఆమె తలూపి, మంచం మీద ఉన్న మనిషి చేయి పట్టుకొని నరం వెతకడం మొదలుపెట్టింది.

బిడ్డ బతికిందని సాయంత్రం బస్సు కండక్టరు చెప్పాడు.